పెద్ద భార్య రాసిన కాగితం

"ఏమే, పేపరొచ్చింది. చేతులు కడుక్కొని రా" అని మా ఆయన అరుగు మీంచి కేకేసేసరికి నేను రుబ్బురోలు ముందు ఉన్నాను. గారెలకు నానబెట్టిన పప్పు సగమే నలిగింది. దాన్ని వదిలి లేస్తే అత్తయ్య ఊరుకోదు, పేపరు ఆలస్యమైతే ఆయన ఊరుకోడు. పన్నెండేళ్ల కాపురంలో ఈ ఇద్దరి ఊరుకోకపోవడాల మధ్యే నా రోజులు గడిచాయి. పొత్రం పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, తలుపు వెనక నా పీట మీద కూర్చున్నాను.

బస్తరు రాజ్యం అంచున ఉన్న మా భోపాల్‌పట్నంలో మా వీధి మొత్తానికి తెలుగు చదవగలిగిన మగవాడు ఒక్కడే ఉండేవాడు, పంతులుగారు. ఆయన పోయి మూడేళ్లయింది. మా ఆయన భూషణం జమీందారు కచేరీలో మున్షీ. హిందీలో అర్జీ రాశాడంటే ఎంతటి అధికారీ వంక పెట్టలేడని తనే చెప్పుకుంటాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా బళ్లో నేర్చింది హిందీ కనుక, తెలుగు అక్షరాలు ఆయన కంటికి చీమల బారులా కనిపిస్తాయి. నన్ను మాత్రం భద్రాచలంలో మా నాన్న పక్కన కూర్చోబెట్టుకుని చదివించాడు. పెళ్లినాడు ఆ సంగతి దాచారు. చదువుకున్న పిల్ల ఇంట్లో ఇమడదని ఎక్కడ వద్దంటారో అని భయం. పంతులుగారు పోయాక, మద్రాసు వారపత్రికకు చందా కట్టిన ముసలయ్య మామ తల పట్టుకు కూర్చుంటే, "మా ఇంట్ల ఆడమనిషికి కొంచెం వచ్చు" అని మా ఆయనే సిగ్గుపడుతూ బయటపెట్టాడట. ఏదో రోగం సంగతి చెప్పినట్టు చెప్పాడని ముసలయ్య మామ భార్య నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

అప్పటినుంచి ప్రతి శనివారం ఇదే పద్ధతి. ముసలయ్య మామది చింతపండు, కరక్కాయల వ్యాపారం. ఆయన పడవ ఇంద్రావతి దాటి సిరొంచ సంతకు పోయి, వచ్చేటప్పుడు అక్కడి టపా కచేరీ నుంచి పత్రిక తెస్తుంది. మగవాళ్లు అరుగు మీద వింటారు. నేను తలుపు వెనక చదువుతాను. నా ముఖం వాళ్లకు కనబడకూడదు, చదివినదాని మీద నా మాట ఒక్కటీ వినబడకూడదు. చదవడం అయ్యాక లోపలికి వెళ్లి వాళ్లకే గారెలు వేయాలి. యుద్ధం రోజులు కావడంతో కాగితం కరువై పత్రిక నాలుగు పేజీలకు దిగింది. వాళ్లకు కావలసింది యుద్ధం కబుర్లు, సరుకుల ధరలు. నాకు మాత్రం ఢిల్లీ శాసనసభ వార్తలంటే ఇష్టం. ఒకాయన లేచి మాట్లాడతాడు, ఇంకొకాయన కాదంటాడు, అధ్యక్షుడు ఇద్దర్నీ ఆపి వంతులు వేస్తాడు. ఒక మనిషి మాట్లాడుతుంటే మిగతావాళ్లు నోరు మూసుకుని వినాలనే నియమం లోకంలో ఒకచోట ఉందని నాకు తెలిసింది ఆ వార్తల్లోనే.

ఆ శనివారం పత్రికలో పెద్ద వార్త ఉంది. హిందువులందరికీ ఒకే చట్టం ఉండాలని ఢిల్లీలో ఒక సంఘం ముసాయిదా తయారు చేసిందట. తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా. తగిన కారణం ఉంటే భార్య కూడా విడాకులు అడగవచ్చు. భార్య బతికి ఉండగా భర్త చేసుకునే రెండో పెళ్లి చెల్లదు. ఆ చివరి వాక్యం చదివేటప్పుడు నా గొంతు నాకు తెలియకుండానే పెద్దదైంది. మూడేళ్లలో ఏనాడూ నేను సంతోషంగా చదవలేదు. ఆ ఒక్కరోజు చదివాను. నేను చేసిన తప్పు అదే.

"ఆగాగు బిడ్డా, మళ్ల సదువు" అన్నాడు ముసలయ్య మామ.

మళ్లీ చదివాను.

"పెండ్లాముండంగ ఇంకో పెండ్లి చెల్లదా? ఇదేంది, ఇంటింటికి జవాన్ను కావలి పెడ్తరా?"

"మనకెందుకు చిన్నాయనా" అన్నాడు మా ఆయన. "ఏటికి అవతలంటే తెల్లోళ్ల ఇలాకా, వాళ్లకు నడుస్తది. మనది బస్తరు రాజ్యం. ఢిల్లీ కానూన్ మనదాంక రాదు."

"ఇయ్యాళ రాదు. లడాయి అయిపోయినంక ఏ రాజ్యం ఉంటదో, ఏది పోతదో ఎవలకెరుక? చేసుకునేటోడు ముందుగాల్నే చేసుకోవాలె."

నేను మిగతాది చదివాను. ఇలాంటి చట్టం మన స్త్రీలెవరూ అడగలేదని, వారు తమ ఇళ్లలో సుఖంగా ఉన్నారని శాసనసభలో ఒక సభ్యుడు అన్నాడట. ముసాయిదా మీద స్త్రీలు కూడా తమ అభిప్రాయాలు రాసి పంపవచ్చని కూడా ఉంది. ముసలయ్య మామ పగలబడి నవ్వాడు. "ఆడోళ్ల అభిప్రాయమేంది? పొయ్యినడిగి వంట చేస్తమా?" అన్నాడు. మా ఆయన కూడా నవ్వాడు. నేను లోపలికి వెళ్లి మిగిలిన పప్పు రుబ్బాను.

అత్తయ్య అంతా వింది. వింటుందని నాకు తెలుసు. ఆమె పేరు బుల్లమ్మ. నా కూతురికి ఆ పేరే పెట్టాం. మా బుల్లి నాలుగేళ్లు బతికింది. అడవి జ్వరం మూడు రోజుల్లో తీసుకుపోయింది. ఆ మూడు రోజులూ అత్తయ్య పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, ఆ సంగతి నేను కాదనను. ఆ తర్వాత నాకు రెండుసార్లు కడుపు పోయింది. మొదటిసారి ఆమె నాకు తల దువ్వింది. రెండోసారి దువ్వలేదు. అప్పటినుంచి ఆమె నోట్లో ఒకటే మాట. "నా కొడుకు వంశం నీ దగ్గరనే ఆగిపాయె." ఈ మాట ఆమె కోపంతో అనదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంటుంది.

ఆ సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే ఆమె కొడుకుతో అంది, "ఇన్నేండ్లు నువ్వు రేపు మాపు అన్నవు, నేను ఊకున్న. ఇగ ఊకుంటే కానూన్ వస్తదట. నీ పెండ్లామే సదివింది గద, నువ్వూ వింటివి గద." నా చేతిలో బూడిద అలాగే ఉండిపోయింది. నాకు మేలు చేస్తుందనుకున్న వార్తే మా ఇంట్లో పెళ్లికి తొందర పెట్టింది. అది కూడా నా గొంతుతోనే. ఇంత చదివి నేను నేర్చుకున్నదేమిటంటే, మనకు పనికొచ్చే మాటను గట్టిగా చదవకూడదని.

పదిహేను రోజుల్లో సంబంధం కుదిరింది. సిరొంచ దగ్గర ఒక ఊరి ఎర్రయ్య కూతురు, సమ్మక్క. పదహారేళ్లట. మాఘంలో ముహూర్తం. మా ఆయన నాతో ఆ మాట చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు, గొడుగు కర్ర తుడుస్తూ చెప్పాడు. "నిన్ను ఎళ్లగొడ్తలేను గద. నీ తిండి నీకుంటది, నీ పీట నీకుంటది. ఆ పిల్లకు సదువు రాదు, పేపరు నువ్వే సదవాలె." ఆయన చెడ్డవాడు కాదు. బుల్లికి జ్వరమొచ్చినప్పుడు మాత్రల కోసం వాన నీళ్లలో మోకాళ్ల దాకా దిగి సిరొంచ దాకా నడిచిన మనిషి. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది. నా పీటను నాకే మిగిల్చి, అదేదో వరమన్నట్టు చెప్పిన మనిషిని ఎలా తిట్టాలో నాకు తెలియలేదు. తిట్టలేకపోయినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. వెళ్లిపోదామంటే నాన్న లేడు. తమ్ముడి ఇంట్లో ఆరుగురు పిల్లలు, నాకు పని ఉంటుంది గానీ చోటు ఉండదు. అక్కడికి వెళ్లినా ఎవరో ఒకరి రుబ్బురోలు నాకోసం సిద్ధంగా ఉంటుంది.

మా ఇంట్లో వడ్లు దంచడానికి అడవి పల్లె నుంచి దొర్ల తెగ పిల్ల మంగి వస్తుంది. రోకలి ఆ చేతికీ ఈ చేతికీ మార్చుకుంటూ దంచుతాం మేమిద్దరం. నా ఏడుపు చూసి అది రోకలి ఆపింది.

"ఇష్టం లేదని చెప్పినవా అక్కా?"

"ఎవరికి చెప్పాలె మంగీ?"

"అదేంది? మా దొర్లోళ్లల్ల ఇష్టం లేకపోతే పెద్దమనుషుల ముంగట నిలవడి చెప్తం. వాళ్లు వింటరు. మీకు చెప్పుకునే జాగా లేదా?"

"ఉంది. ఢిల్లీలో ఉంది" అన్నాను. మంగికి ఢిల్లీ ఎక్కడో తెలియదు. అడవిలో తనకు తెలిసిన చివరి ఊరు చింతలనార్, దానికి అవతలా అని అడిగింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్లీ దంచాం.

సంబంధానికి అడ్డు వచ్చింది కూడా ఆ పత్రికే. ఎర్రయ్య తెలుగు చదువుకున్నవాడు. ఆయనకూ అదే పత్రిక వస్తుంది. రేపు చట్టం వచ్చి పెద్ద భార్య కోర్టుకెక్కితే తన కూతురి గతేమిటని ఆయనకు అనుమానం. "ఆమెకు అభ్యంతరం లేదని ఆమె చేత్తోనే తెలుగులో రాసిన కాగితం పంపండి. అప్పుడే తాంబూలాలు" అని ముసలయ్య మామతో కబురు పెట్టాడు. మా ఆయన మొదట చిరాకుపడ్డాడు. తర్వాత, "రాస్తదిలే, ఎంతసేపు" అన్నాడు.

నిన్న మధ్యాహ్నం రాయించాడు. కచేరీ నుంచి మంచి తెల్లకాగితం తెచ్చాడు. పన్నెండేళ్లలో ఆయన నాకోసం కచేరీ నుంచి తెచ్చిన వస్తువు అదొక్కటే. ముసలయ్య మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పడవ కట్టి ఉంది. అత్తయ్య గడప దగ్గర చింతగింజలు ఏరుతోంది. నేను పీట మీద కూర్చుని మోకాలి మీద పలక పెట్టి, దాని మీద కాగితం పెట్టాను. ఆయన నిలబడి, కచేరీలో నౌకర్లకు చెప్పినట్టు చెప్పాడు.

"ఎర్రయ్యగారికి, భూషణం భార్య నమస్కరించి రాసేది. నాకు సంతానం కలగలేదు..."

నేను తలెత్తాను. "బుల్లి?" అన్నాను.

"ఏంది?"

"కలగలేదని ఎట్ల రాయాలె? బుల్లి కలిగింది గద."

ఆయన ముఖం ఒక్క క్షణం నల్లబడింది. అత్తయ్య చేతిలో గింజలు ఆగాయి. ఎవరైనా ఒకరు ఆ పిల్ల పేరు ఎత్తుతారేమో అని చూశాను. వాళ్లెవరైనా అప్పుడు బుల్లి పేరు ఒక్కసారి పలికి ఉంటే, నిజం చెబుతున్నాను, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసేదాన్ని. నాకు అంతకంటే ధైర్యం లేదు.

"ఇప్పుడదెందుకే. లేనోళ్ల సంగతి పెట్టకు, రాయి" అన్నాడు ఆయన. "నాకు సంతానం కలగలేదు. అందుకని నా భర్త మీ కూతుర్ని చేసుకునేతందుకు నాకు ఏ అభ్యంతరం లేదు. ఎవరి జబర్దస్తీ లేకుండ నా ఇష్టంతో రాస్తున్న."

నేను రాశాను. ఆయన నా తల మీదుగా కాగితం వైపు చూస్తూనే ఉన్నాడు. అక్షరాలు వరుస తప్పకుండా నడుస్తున్నాయా లేదా అని తప్ప ఆయనకు అందులో ఇంకేమీ కనబడదు.

"ఏదీ, ఒకపారి సదువు" అన్నాడు.

చదివాను. ఆయన చెప్పింది ఒక్క మాట పొల్లు పోకుండా చదివాను. సంతానం కలగలేదని చదివాను, అభ్యంతరం లేదని చదివాను, నా ఇష్టంతో రాస్తున్నానని చదివాను. మూడేళ్లుగా నేను చదివిందే వాళ్లకు లోకం. యుద్ధం ఆగలేదంటే ఆగలేదు, ధర పెరిగిందంటే పెరిగింది. ఇదీ అంతే.

"సక్కగ రాసినవ్ బిడ్డా" అన్నాడు ముసలయ్య మామ. కాగితం మడిచి తలపాగాలో దోపుకుని పడవ ఎక్కాడు. అత్తయ్య గింజలు చేటలోకి ఎత్తింది. మా ఆయన నాకేసి చూసి, ఎన్నాళ్లకో, "అలిసిపోయినవ్, కొంచెంసేపు నడుం వాల్చు" అన్నాడు. ఆ మాట విన్నాక మాత్రం నాకు ఏడుపు ఆగలేదు. నేను వాళ్ల మాటకు తలవంచినందుకు దక్కిన జాలి అది. తలవంచలేదని తెలిసిన రోజున ఆ జాలి ఉండదని నాకు తెలుసు.

కాగితంలో నేను రాసింది ఇది:

"ఎర్రయ్యగారికి నమస్కారం. నాకు ఒక కూతురు కలిగింది. దాని పేరు బుల్లి. నాలుగేళ్లు బతికింది. ఈ పెళ్లి నాకు ఇష్టం లేదు. ఇష్టమని రాయమని పక్కన నిలబడ్డారు. నన్ను ఎవరూ అడగలేదు, మీ సమ్మక్కనైనా ఒకసారి అడగండి. మాణిక్యం."

వచ్చే శనివారం పడవలో పత్రికతో పాటు ఎర్రయ్య జవాబు వస్తుంది. అది తెలుగులోనే ఉంటుంది. మా ఆయన, అత్తయ్య, ముసలయ్య మామ, అందరూ చేరాక దాన్ని విప్పి చదవాల్సింది నేనే. ఆ రోజు ముందుగా పప్పు రుబ్బను. పీట తీసుకెళ్లి అరుగు మీద, వాళ్ల మధ్య వేసుకుంటాను. నా ముఖం వాళ్లకు కనబడేలా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చదువుతాను.