అచ్చియ్యమ్మ ఉన్న టేపు

ఈ ఉదయం నుంచి అచ్చియ్యమ్మ నడుము దాకానే ఉంది. మా ఆఫీసు బల్ల మీద, ఇంటి లెక్క సరిచూసుకోడానికి వచ్చిన వాళ్ళక్క పేరంటాలు పక్కన కూర్చుంది. నడుము కింద బల్ల చెక్క కనిపిస్తోంది. పేరంటాలు తన కొంగు తీసి ఆ చోట కప్పుతుంది. కొంగు చెక్క మీద చదునుగా పరుచుకుంటుంది.

వాళ్ళది సన్నాయిలంక. పన్నెండేళ్ళ కిందట గోదావరి ఆ లంకను కోసుకుపోయింది. ఇళ్ళూ, రేషను కార్డులూ, బడి రిజిస్టర్లూ అన్నీ ఏట్లో కలిశాయి. అంతకు ముందు ఏడాది జనాభా లెక్కలవాళ్ళు ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకున్న వివరాలు మాత్రం ఒక్క అయస్కాంత టేపులో మిగిలాయి. పాత టేపులు చదివి కొత్తవాటికి ఎక్కించడం నా పని.

ప్రతి టేపునూ మూడుసార్లు చదవాలి. రెండుసార్లు ఒకేలా ఏది వస్తే అదే నిజం. నిన్న మొదటిసారి చదివితే పేరంటాలు ఇంట్లో నలుగురు వచ్చారు. ఈ ఉదయం రెండోసారి చదివితే ఐదుగురు. ఆ ఐదో మనిషి అచ్చియ్యమ్మ. రెండిట్లో ఒకసారి వచ్చింది కాబట్టి సగం ఉంది.

"సగవేంటండమ్మాయిగారూ?" అంటుంది పేరంటాలు. "అదేవన్నా కొబ్బరిసెక్కా?"

"ఒకసారే వచ్చిందండి."

"అదెప్పుడూ అంతేనండి. ఓసారి పిలిత్తే పలుకుద్ది, ఓసారి పలకదు."

అచ్చియ్యమ్మ మూతి తిప్పుకుంటుంది. ఆమెకు ఇంకా గొంతు రాలేదు.

నేను మూడోసారి టేపు ఎక్కిస్తాను. ఇది చాలా ఇరుకు టేపు. బియ్యపుగింజ వెడల్పులో పదకొండు వీధులు పడతాయి. ఇళ్ళకు చూరు దింపుకునే చోటు కూడా లేదు. ఒక ఇల్లు చదువుతుంటే పక్కింటి పోపు వాసన వస్తుంది.

మూడోసారీ ఐదుగురు వస్తారు. ఐదో మనిషి మాత్రం అచ్చియ్యమ్మ కాదు. చేతిలో గిన్నెతో ఒక కొత్త కోడలు బల్ల చివర కూర్చుంటుంది.

"పక్కింటిదాన్నండి," అంటుందామె. "పాలల్లోకి తోడు కోసం వచ్చాను. ఎల్లిపోతానండి."

లేవబోతుంది. ఈ ఇంటి లెక్కలోకి ఎక్కింది కాబట్టి లేవలేకపోతుంది. అచ్చియ్యమ్మ ఇప్పుడు గుండెల దాకానే ఉంది.

సూపరింటెండెంటు వీరభద్రంగారు వచ్చి కాగితాలు చూస్తారు. "రెండోసారి ఐదు, మూడోసారి ఐదు. కలిసింది కదమ్మాయ్. భోజనం చేసొచ్చి సంతకం పెట్టేస్తాను."

"మనిషి మారిందండి."

"లెక్క మారలేదుగా."

"మా సెల్లి బదులు ఈ పిల్లనెట్టుకోమంటారా బాబూ?" పేరంటాలు లేచి నిలబడుతుంది. "రేపు మా మరిదొచ్చి ఈవిడెవరంటే ఏం సెప్పను? గిన్నె సూపించనా?"

"మీ ఊరే ఇరుకమ్మా. అన్నీ కలిసిపోతున్నాయి."

"మీ టేపు ఇరుకండి. మా ఊళ్ళో ఎద్దులబండి ఎనక్కి తిరిగేది."

ఆయన క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోతారు. ఆయన తిరిగొచ్చేలోపు ఇంకొకసారి చదవవచ్చు. సంతకం పడ్డాక ఎవరూ చదవకూడదు.

టేపును తాకి చదివే ముక్కను హెడ్డు అంటాం. ప్రతిసారీ చదివాక దాన్ని స్పిరిటులో ముంచిన దూదితో తుడవాలి. చేరిన రోజు నుంచీ తుడుస్తున్నాను. తుడిచి బుట్టలో వేస్తున్నాను. ఇప్పుడు కూడా తుడుస్తాను. దూదికి గోధుమరంగు పొడి అంటుతుంది. చూస్తుండగానే అచ్చియ్యమ్మ కుడి భుజం పోతుంది.

నా చెయ్యి ఆగిపోతుంది. నేను తుడుస్తున్నది మురికో కాదో నాకు తెలియడం లేదు. తుడవకపోతే పక్కిల్లు కలుస్తుంది. తుడిస్తే ఈమె పోతుంది. రూలు మాత్రం తుడవమనే అంటుంది.

దూదిని పేరంటాలుకు ఇస్తాను. ఆమె వాసన చూస్తుంది.

"అచ్చి తలనూనె," అంటుంది. "ఎన్నాళ్ళనించి పారేత్తన్నారండీ?"

బుట్టలోంచి మిగతా రెండు దూదులు ఏరి ఇస్తాను. ఆమె మూడిటినీ అరచేతిలో దులుపుతుంది. చిటికెడు పొడి తేలుతుంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, టేపు మీదకు వంగి, ముగ్గు గీత లాగినట్టు లాగుతుంది. వెంట్రుకకన్నా సన్నంగా, ఎక్కడా తెగకుండా పడుతుంది. నేను చూసిన ఏ యంత్రమూ అంత తిన్నగా రాయలేదు.

ఇక హెడ్డును తుడవను. వేగం తగ్గిస్తాను. మీటను చివరి గుర్తు దాకా తిప్పి, అది దాటించి ఇంకా తిప్పుతాను. టేపు ఆగినట్టే కనిపిస్తుంది. ఆగలేదు.

నెమ్మదిగా చదువుతుంటే రెండిళ్ళ మధ్య గోడ లేవడానికి వేళ చిక్కుతుంది. ముందు ఇటుకలు, తరువాత సున్నం. కొత్త కోడలు గిన్నె తీసుకుని లేస్తుంది. పేరంటాలు ఆమెకు ఇంత తోడు వేసి పంపుతుంది.

అచ్చియ్యమ్మకు భుజం వస్తుంది. నడుము వస్తుంది. మోకాళ్ళు వచ్చేసరికి వీరభద్రంగారు చేతులు తుడుచుకుంటూ వస్తారు.

"ఈ వేగంలో ఒక ఇంటికి ఎంత సేపమ్మాయ్?"

"ఒక వరద నుంచి ఇంకో వరద దాకా అండి."

"మరి ఇంకోసారి చదివి సరిచూసేదెప్పుడు?"

"నా సర్వీసు చాలదండి. చదువుతున్నంత సేపూ మాత్రం ఆమె లేదని రాయడానికి వీల్లేదు."

ఆయన రూలు పుస్తకం తిరగేస్తారు. రిజిస్టరులో 'చదువుతున్నాం' అని రాసి, పెన్ను మూత పెట్టి, పక్క కుర్చీలో కూర్చుంటారు.

అచ్చియ్యమ్మ పాదాలు నేలకు ఆనుతాయి. టేపు అడుగుతుంది: మీ ఇంట్లో ఎంతమంది? ఆ ప్రశ్నకే వానాకాలం గడిచిపోతుంది. అచ్చియ్యమ్మ జవాబు చెప్పడానికి నోరు తెరుస్తుంది.

"సెప్పవే అచ్చీ," అంటుంది పేరంటాలు. "నిన్ను కూడా లెక్కెట్టుకో."

మాట రావడానికి ఇంకా నెలలు పడతాయి. మేము ముగ్గురం ఆమె నోటికేసి చూస్తుంటాం. లోపల చీకట్లో నీళ్ళు కదులుతున్న చప్పుడవుతుంది. పెదవుల మధ్య నుంచి, తడితో మెరుస్తూ, ఒక పడవ ముక్కు బయటికి వస్తుంది. దాని మీద నిలబడ్డ గేదె నన్ను చూస్తుంది. వెనక లంక జనం గోలలోంచి ఎవరో కనబడని మనిషి, "పట్టుకోండమ్మా," అంటూ తాడు విసురుతాడు. నేను పట్టుకుంటాను. తాడు నా చేతుల్లో బరువెక్కుతోంది.