ఇద్దరే మాట్లాడిన భాష

పుస్తకం మీద పేరు భూమేష్‌ది. లోపలున్న వ్యాకరణం మాత్రం అతని అక్క సుమలతది. బోధన్‌లో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఆ తేడా తెలియదా అంటే, శుభ్రంగా తెలుసు. తెలిసే చేశాడు, ఇంకేం చెప్పాలి!

నిజామాబాద్‌లో బీడీలు చుడుతూ, పక్కన కూర్చునే రుక్మాబాయితో కలిసి సుమలత కట్టిన భాష అది. ఆమెది మరాఠీ, ఈమెది తెలుగు. చిన్నప్పుడు ఒకరి మాట ఒకరికి అందక ఇద్దరూ మూడోది అల్లుకున్నారు. అల్లి ఊరుకున్నారా? విభక్తులు, సంధులు, ఛందస్సు అన్నీ పెట్టారు. ఒక బీడీకి ఆకు చుట్టి దారం కట్టేలోగా ఒక పాదం ముగియాలి, దానికి రెండోవారు పాదంతోనే జవాబు చెప్పాలి. తిట్లకు, ధరలకు అందులో మాటలే లేవు, వాటికి మన భాషలు చాలవా అనేవారట. అలా పద్యానికి తప్ప దేనికీ పనికిరాని భాషను ముప్పై ఏళ్లు ముద్దుగా పెంచుకున్నారు.

పోయినేడు రుక్మాబాయి చనిపోయింది. నెల తిరక్కుండానే సుమలత ఆ భాష సూత్రాలు, పద్యాలు రాసుకున్న తన నోటుబుక్కు తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. చదువుకో అంది, అంతే. భూమేష్ చదివాడు, మురిసిపోయాడు, ఈ కావ్యభాషను తానే ఊహించి కట్టానని ముందుమాట రాసి అచ్చేయించాడు. బీడీలు చుట్టే అక్కకు ఇవన్నీ ఎందుకులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆవిష్కరణ సభకు సుమలత మంచి చీర కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. తమ్ముడి మెడలో దండ పడగానే చప్పట్లు కొట్టింది కూడా. ఆ చప్పట్లకు భూమేష్ సిగ్గుతో సగం చచ్చాడు. సభ ముగిసి అందరూ టీలకు కదిలాక, సుమలత తమ్ముడి దగ్గరికి వచ్చి మెల్లగా ఆ భాషలో ఒక పాదం చెప్పి, జవాబు కోసం అతని మొహంలోకి చూసింది.

భూమేష్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. సూత్రాలన్నీ అచ్చుతప్పు లేకుండా దిద్దాడే గానీ, ఒక్క పద్యమైనా కంఠతా పట్టలేదు. అక్క దెప్పుతోందేమో అనుకుని తల దించుకున్నాడు.

"నీ పేరు పెట్టకుంట తప్పు జేసిన అక్కా. మల్ల అచ్చేపిస్త."

"పేరుదేమున్నది తమ్మీ, నీదే ఉండనియ్," అంది సుమలత. "రుక్మ పోయినంక గా భాషల మాట్లాడెటోళ్లు లేకపాయె. నువ్వన్న నేర్సుకుంటవ్, నాతోటి మాట్లాడుతవ్ అని బుక్కిచ్చిన."

ఇప్పుడైనా నేర్పమని అడగడానికి భూమేష్‌కు మొహం చెల్లలేదు.