వెనక బండి

హోటల్ లాండ్రీలో పొద్దుటి నుంచీ దుప్పట్లు మడతపెట్టి ఇంటికి చేరేసరికి, దారిలో ఎదురుపడిన మనుషులు కూడా నాకు మడతపెట్టాల్సిన గుడ్డల్లాగే కనిపిస్తారు. కాళ్ళు పీకుతుంటాయి. వేళ్ళు ఆవిరికి ఉబ్బి ఉంటాయి. అలాంటి ఒక సాయంత్రం పెరట్లో కుళాయి కింద కాళ్ళు పెట్టి నిలబడి, ఊరికే అటు చూశాను. మూడో మడి ఖాళీగా ఉంది.

మట్టి తవ్వి, పైన ఎండుటాకులు పరిచి ఉన్నాయి. మొలక మాత్రం ఒక్కటీ లేదు. ఇంకొకరింట్లో అయితే ఇది చెప్పుకునేంత సంగతి కాదు. అక్క ఉన్న ఇంట్లో మడి ఖాళీగా ఉండటమంటే గోడ గడియారం ఆగిపోయినట్టు.

అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా ఆయనకి అన్నగారి భార్య. అన్నదమ్ములు బతికున్నన్నాళ్ళూ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒకరి వెనక ఒకరు వాళ్ళిద్దరూ పోయాక, పోట్లాడుకోవడానికి వేరే మనిషి దొరక్క ఒకే అద్దింట్లో కలిసి ఉంటున్నాం. సంపాదన నాది, వంటా పెరడూ ఆవిడవి. బట్టలు నేనే ఉతకాలి, ఎందుకంటే "అది నీ డిపార్ట్‌మెంటు" అంటుంది.

ఆవిడ బస్టాండులో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరైంది. రిటైరైంది ఉద్యోగం నుంచే, బుద్ధి నుంచి కాదు. మా పెరడు నిజానికి పెరడే కాదు. ఇల్లు కట్టినవాళ్ళు మిగిలిన ఇటుక ముక్కలూ కంకరా అక్కడే పూడ్చేసి చేతులు దులుపుకున్నారు. గునపం దింపితే ఠంగుమంటుంది. అందుకని అక్క పాత తలుపుల చెక్కలు కొనుక్కొచ్చి, కుర్చీ ఎత్తున నాలుగు పెద్ద పెట్టెలు కొట్టించి, వాటి నిండా మట్టీ ఎరువూ పోయించింది. వాటినే మేం మడులంటాం. నడుం వంచక్కర్లేదు, అంచు మీద కూర్చుని పని చేసుకోవచ్చు.

నాలుగింటిలో ఒకేసారి విత్తనం వేయడమన్నది ఆవిడ ఎరగదు. ఒకదాంట్లో పాలకూర కోతకొస్తే, పక్కదాంట్లో జానెడు మొక్కలుండాలి. మూడోదాంట్లో అప్పుడే రెండాకులు విచ్చుకోవాలి. నాలుగోది తవ్వించుకుని విత్తనం కోసం నోరు తెరుచుకుని ఉండాలి. "ముందు బండి కదిలేసరికి వెనక బండి స్టాండులో ఉండాలి పిల్లా. జనాన్ని ఎండలో నిలబెట్టకూడదు," అంటుంది. యాభై దాటినా ఆవిడకి నేను పిల్లనే. జనం అంటే కూడా నేనే.

దీనివల్ల మా ఇంట్లో కూర లేని పూట లేదన్నది నిజమే. పంట ఎప్పుడూ అయిపోదు కాబట్టి పనీ ఎప్పుడూ అయిపోదన్నది కూడా నిజమే. సెలవు రోజున కాస్త నడుం వాలుద్దామంటే, ఏదో ఒక మడి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. నీళ్ళ బక్కెట్లు మోయించడానికి ఆవిడ నన్ను లేపుతుంది. ముల్లంగి వరుసగా మూడు వారాలు తిన్నాక నేనొకసారి, "నీ బస్సులకి సమ్మె లేదా అక్కా?" అని అడిగాను. మా డిపోలో యూనియన్ లేదంది.

అలాంటి మనిషి మడి ఖాళీగా వదిలేసింది.

"మూడోదాంట్లో ఏం వేయలేదేం?" అని వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాను.

"వేద్దాంలే," అంది, గిన్నె వైపు చూస్తూ.

వేద్దాంలే అన్న మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. వేశాను అంటుంది, లేకపోతే రేపు పొద్దున్నే వేస్తున్నాను, నువ్వు మట్టి జల్లించాలి అంటుంది. కానీ ఆరోజు నాకు తరిచి అడిగే ఓపిక లేదు. తిని పడుకున్నాను.

తర్వాతి వారానికి నాలుగో మడి కూడా అలాగే ఉండిపోయింది. అదే ఎండుటాకుల దుప్పటి. మిగిలిన రెంటిలో ఉన్నదే కోసుకుని తింటున్నాం. అక్క పెరట్లోకి వెళ్ళడం మానలేదు, కానీ వెళ్ళి మడి అంచు మీద ఊరికే కూర్చుంటోంది. చేతిలో కలుపు తీసే తొలిక లేదు, ఏమీ లేదు. నేను ఇంటికొచ్చేసరికి అలా కూర్చుని కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. పగలంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషికి, ఇంకొకరు తీరిగ్గా కూర్చుని కనబడితే ఉండే మంట అది. ఆ సంగతి దాచను.

దానికి తోడు ఆవిడ తమ్ముడి ఫోన్లు మొదలయ్యాయి. ఏడాదికి ఒకసారి పలకరిస్తే గొప్ప అనుకునే మనిషి రోజు విడిచి రోజు చేస్తున్నాడు. ఆవిడ ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోతుంది. గొంతు తగ్గిస్తుంది. నేను అటు వెళితే, "సరే, ఉంటా మరి," అని పెట్టేస్తుంది. ఏమిటట అంటే, "ఏం లేదు, ఊరికే," అని నీళ్ళు నములుతుంది.

నాకు లెక్క తేలిపోయింది. తమ్ముడు పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. అక్కని రమ్మంటున్నాడు. ఆవిడ వెళ్ళిపోతోంది. వెళ్ళిపోయే మనిషి కొత్తగా విత్తనం ఎందుకు వేస్తుంది? ఉన్నది కోసి తినిపించి, మడులు ఖాళీ చేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి పోతుంది.

అది తట్టిన దగ్గర్నుంచి లాండ్రీలో నా చేతులు పనిచేస్తున్నా, బుర్ర పనిచేయలేదు. దిండు గలీబుల్లో తువ్వాళ్ళు కలిపేసి సూపర్‌వైజరు చేత మాట పడ్డాను. ఇన్నేళ్ళూ ఆవిడ పోరు పడలేకపోతున్నానని తోటివాళ్ళతో చెప్పుకున్నదాన్ని, ఆవిడ లేని వంటిల్లు తలుచుకోలేకపోయాను. నన్ను పిల్లా అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు.

భయమని ఒప్పుకోవడం కంటే కోపమే తేలిక. మూతి ముడుచుకుని తిరిగాను. పెట్టింది తినడం, పళ్ళెం కడగడం, పడుకోవడం. ఆవిడ కూడా కదిలించలేదు. అది ఇంకా కడుపు మండించింది.

సెలవు రోజు వచ్చింది. లేచి పెరట్లోకి వెళితే, అక్క రెండో మడి అంచు మీద కూర్చుని పాలకూరని వేళ్ళతో సహా పీకుతోంది. ఎప్పుడూ పై ఆకులే తుంచుతుంది, మొదలు మళ్ళీ చిగురించాలని. నేను పొరపాటున లాగితే ఒంటికాలి మీద లేస్తుంది. ఇప్పుడు తనే పీకి, మట్టి దులిపి, బుట్టలో పడేస్తోంది. మధ్యమధ్యలో ఆగుతోంది.

ఇక ఊరుకోలేకపోయాను. "వెళ్ళేదానివి చెప్పి వెళ్ళొచ్చుగా. ఈ దొంగాటలెందుకు?"

తల ఎత్తి చూసింది. "ఎక్కడికే?"

"మీ తమ్ముడింటికి. నాకు కళ్ళు లేవనుకున్నావా? మడులన్నీ ఖాళీ చేసేస్తున్నావు."

నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగి, అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంది. అప్పుడు చూశాను, ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. రోజూ చూస్తున్న ముఖమే. చూడలేదు, అంతే.

"వాడింటికి ఎవరు పోతారే. పొద్దస్తమానం టీవీ మోగుతూనే ఉంటుంది," అంది. "కూర్చో. కూర్చో ముందు."

కూర్చున్నాను. ఆవిడ బుట్టలోని ఆకులు సర్దుతూ, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. గుండెలో వాల్వు ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదట. కోసి బాగుచేయాలట. వచ్చే వారం ఆస్పత్రిలో చేరాలి. తర్వాత చాలా రోజులు బరువెత్తకూడదు, వంగకూడదు.

"ఎప్పుడు తెలిసింది?"

బుట్టలో ఆకులు మళ్ళీ సర్దింది. జవాబు నాకు అక్కర్లేదు కూడా. మూడో మడిలో విత్తనం పడాల్సిన వారానికే తెలిసి ఉండాలి. కళ్ళజోడు మార్పించుకోవాలని ఒక పూటంతా బయటికి వెళ్ళొచ్చింది అప్పుడే. వచ్చాక కళ్ళజోడు పాతదే ఉంది. నేను అదీ చూడలేదు.

"నువ్వు పగలంతా అక్కడ నిలబడి, సాయంత్రం ఆస్పత్రికొచ్చి, మళ్ళీ ఇంటికొచ్చి ఈ మడుల చాకిరీ కూడా చేయాలా?" అంది అక్క. "ముందే ఆపితేగానీ అప్పటికి ఖాళీ దొరకదు. అందుకే రెండు ట్రిప్పులు కేన్సిల్ చేశా. ఆ నాలుగు రోజులూ పెరట్లో నీకు పనేం ఉండదు. వచ్చి పడుకో."

"మీ తమ్ముడికి చెప్పావు. నాకు చెప్పలేదు."

"సంతకానికి రక్తసంబంధం ఉన్నవాళ్ళు కావాలన్నారు."

"నాకు సంతకం రాదా?"

"నీకు కోపం కూడా వచ్చు. ఆ రోజే చెబితే ఆ రోజు నుంచే నిద్ర మానేస్తావు. నీకున్నదే ఆ కాస్త నిద్ర."

నాకు ఏడుపొచ్చింది. అలసటతో వచ్చిందో, ఆవిడ మీద వచ్చిందో చెప్పలేను. నా కాళ్ళ నొప్పుల గురించి వారాల ముందు నుంచీ లెక్క వేసుకుంటూ కూర్చున్న మనిషిని చూసి, కూర్చుందని మండిపడ్డాను.

ముఖం తుడుచుకుని మడులన్నీ మళ్ళీ చూశాను. మూడూ నాలుగూ ఖాళీ. రెండోది ఆవిడ చేతుల్లోనే ఖాళీ అవుతోంది. మొదటిదాంట్లో నాలుగు ముదురు ముల్లంగులు. ఆస్పత్రి రోజులకి పని లేకుండా చేసిందన్నది అర్థమైంది. కానీ ఆ తర్వాతకి?

"మరి నువ్వు తిరిగొచ్చాక ఏం కోస్తావు?"

అక్క వేళ్ళకంటిన మట్టి రాలగొట్టుకుంది. ఆ మట్టి పోయాక కూడా రాలగొడుతూనే ఉంది. "వచ్చాక చూద్దాంలే," అంది.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్టాండు ఖాళీగా ఉండనివ్వని మనిషి. వెనక బండి పెట్టలేదు. మరిచిపోయి కాదు. పెట్టి ఏం లాభమో ఆవిడకి తెలియక. అది నాకు అర్థమైన క్షణాన కాళ్ళ నొప్పి, నిద్ర, కోపం అన్నీ ఒక పక్కకి పోయి, వట్టి భయం మిగిలింది.

లేచి వంటింట్లోకి వెళ్ళి, అటక మీద ఆవిడ విత్తనాలు దాచే బిస్కెట్ల డబ్బా దించాను. అందులో నేను పేరు చదవగలిగేంత పెద్ద అక్షరాలు ఉన్న పొట్లం క్యారెట్‌దే. అది తీసుకుని మూడో మడి దగ్గరికొచ్చి, ఎండుటాకులు రెండు చేతులతో తోసేశాను.

"ఏం చేస్తున్నావే?"

"విత్తనం వేస్తున్నా."

"నీకేం తెలుసని? జన్మలో వేశావా?"

"దుప్పట్లు మడతపెట్టడం పుట్టుకతో వచ్చిందా నాకు?"

వేలితో మట్టిలో చాలు గీశాను. "అంత లోతు వద్దు, గోరు మునిగితే చాలు," అంది. పూడ్చి మళ్ళీ గీశాను. వంకరపోయింది. "అవి మొలవడానికే రోజులు పడతాయి. ఊరడానికి ఇంకా చాలా పడుతుంది," అంది మెల్లగా.

"పట్టనీ. తొందరేం లేదు. చెంబుడు నీళ్ళు చల్లడానికి నాకేం చేతులు పడిపోవు."

పొట్లం విప్పి, ఉన్నదంతా అరచేతిలోకి ఒంపుకున్నాను. ముక్కుపొడి కంటే కాస్త ముతకగా ఉన్నాయి గింజలు. అంత చిన్నవాటిని ఎలా వేయాలో తెలియక, మొత్తం ఒకేసారి చాలులో పోయబోయాను.

"ఆగాగు. అంతా పోసేస్తావేం?" అక్క నా మణికట్టు పట్టుకుంది. "సగం చాలు. అన్నీ ఒకేసారి ఊరితే ఏం చేసుకుంటాం మనిద్దరం? మిగతావి ఉంచు. నాలుగోదాంట్లో నేనొచ్చాక వేస్తా."

అని ఆగిపోయింది. నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరం పనికిరాకుండా పోయేవాళ్ళం.

"ఎప్పుడేస్తావ్?" అని మట్టిని అడిగినట్టు అడిగాను.

ఆవిడ నా మణికట్టు వదల్లేదు.

"ఇవి నాలుగాకులు వేసేసరికి," అంది.

సగం గింజలు చల్లి, పైన మట్టి కప్పాను. మిగిలిన సగం పొట్లంలో పోసి, దుప్పటి మడిచినట్టు అంచుకి అంచు కలిపి మడతపెట్టి, ఆవిడ చేతిలో పెట్టాను.

"నీ దగ్గరే ఉంచుకో. నాకైతే ఎక్కడ పెట్టానో గుర్తుండదు," అన్నాను.