శుభలేఖ తెరవలేని ఫోను

నేను ఒక ఓడిపోయిన ఫోనుని. కిందపడి పగిలిపోయి ఓడలేదు, పుట్టుకతోనే ఓడిపోయాను. ఫోన్ల లోకంలో రెండు పెద్ద వంశాలున్నాయని మీకు తెలుసు. నేను పుట్టిన ఏడాది మూడో వంశం ఒకటి బరిలోకి దిగింది. బ్యానర్లు కట్టారు, బెలూన్లు ఎగరేశారు, ఇక ఆ రెండింటి పని అయిపోయినట్టేనని టీవీల్లో చెప్పించారు. ఆ మూడో వంశం మాది. మూడేళ్ళు తిరిగేసరికి డిపాజిట్ కూడా దక్కలేదు. కంపెనీ దుకాణం మూసేసింది, మాకు యాప్‌లు తయారుచేసేవాళ్ళు మొహం చాటేశారు. అయినా నాకేం దిగుల్లేదు. గెలిచినవాళ్ళ కథలు మీరు చాలా విని ఉంటారు, ఓడినవాడి కథలో సరదా వేరు.

నన్ను బిగించింది తలకు ప్లాస్టిక్ టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి. ఆఖరి స్క్రూ తిప్పి, నా గాజు తుడిచి, సూపర్‌వైజర్ అటు తిరగగానే అందులో ముఖం చూసుకుని ముక్కుపుడక సర్దుకుంది. మనుషులకు ఫోనుతో మొదటి అవసరం అద్దమేనని ఆ రోజే గ్రహించాను. తర్వాత ఎన్ని చూసినా ఆ అభిప్రాయం మార్చుకునే అవసరం రాలేదు.

కాకినాడ మెయిన్ రోడ్డులో నన్ను కొన్నది సూరంపూడి మాస్టారు. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. పోటీ ఉంటేనే జనానికి మేలు అని పాఠం చెప్పి చెప్పి, చివరికి ఆ పాఠానికి తనే బలైపోయి నన్ను కొన్నారు. స్టాఫ్ రూములో రోజూ యుద్ధమే. మా ఇంటికి ప్రహరీ ఎత్తు, దొంగ రాలేడు అనేవాడు ఒక వంశం ఫోను పట్టుకున్న లెక్చరరు. మా ఇంటికి తలుపులెక్కువ, ఎటునుంచైనా రావచ్చు అనేవాడు రెండో వంశం ఆయన. ఎటునుంచైనా అంటే దొంగ కూడానా అని మొదటాయన. ప్రహరీ లోపలున్నది ఇల్లా, జైలా అని రెండో ఆయన. మా మాస్టారు నన్ను బల్ల మీద పెట్టి "మూడోది ఉందిగా" అనేవారు. వెంటనే ఇద్దరూ కలిసి టీ తాగడానికి లేచిపోయేవారు. అలా ఏడాదిన్నర భరించి, ఆయన కూడా చప్పుడు చేయకుండా పార్టీ మారిపోయారు. నన్ను చవగ్గా వరహాలమ్మ గారికి అమ్మేశారు.

వరహాలమ్మ గారు జగన్నాథపురంలో ఉంటారు. సంబంధాలు కుదర్చడం ఆవిడ పని. ఆవిడ కలిపిన జంటల పిల్లలకు కూడా ఇప్పుడావిడ సంబంధాలు చూస్తోందంటే అర్థం చేసుకోండి. ఆవిడకు ఒక నియమం ఉంది. ఆడపిల్ల ఫోటో ఎవరికీ పంపదు. నన్ను సంచిలో వేసుకుని, రిక్షా ఎక్కి, మగపెళ్ళివారింటికి వెళ్ళి, కాఫీ తాగి, నన్ను తీసి చూపించి, మళ్ళీ సంచిలో వేసుకుంటుంది. "చూపిస్తానండి, పంపనండి" అనేది ఆవిడ మాట.

ఆ పని వల్ల నేను చూసినన్ని ముఖాలు ఏ కలెక్టరు గారూ చూసి ఉండరు. పెళ్ళికొడుకు నన్ను అందుకోగానే సిగ్గుపడి తల్లికిచ్చేస్తాడు. తల్లి రెండు వేళ్ళతో ఫోటోని సాగదీసి ముఖం వదిలేసి గాజుల దగ్గర ఆగుతుంది. తండ్రి కళ్ళజోడు వెతుక్కుంటాడు. మేనత్త మాత్రం వెనక గోడ చూసి ఇల్లు సొంతమా, అద్దెదా అని అడుగుతుంది. అమ్మాయి కళ్ళలోకి సూటిగా చూసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

సత్యవేణి ఫోటో నాలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు, ముప్ఫై ఏళ్ళు దాటాయి. అంతకుముందు వేరే పెళ్ళిళ్ళ బ్రోకరు ఒకాయన ఆమె ఫోటో ఎవరికో పంపితే, వాళ్ళు ఇంకెవరికో పంపి, ఊళ్ళో గ్రూపులన్నీ తిరిగి, రంగు మీద, వయసు మీద నానా మాటలూ తగిలించుకుని, చివరికి ఆమె స్కూలు స్టాఫ్ గ్రూపులోకే వచ్చి పడింది. నెల్లాళ్ళు ఆ పిల్ల తలెత్తుకుని క్లాసుకు వెళ్ళలేకపోయింది. అందుకే వరహాలమ్మ గారింటికి స్వయంగా వచ్చింది.

"పిన్నిగారూ, ఇది మీ ఫోను దాటి వెళ్ళిందంటే ఇంక నాకు పెళ్ళే వద్దండి."

వరహాలమ్మ గారు ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది. ఆ మాట ఇచ్చింది ఆవిడే గానీ, మోయాల్సింది నేను. నాకు భలే గర్వంగా అనిపించింది.

గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. వాట్సాప్ నాలో పనిచేయడం మానేసింది. ఊళ్ళో సంబంధాలన్నీ అందులోనే తిరుగుతున్నాయాయె. ఆవిడ పెద్ద వంశానికి చెందిన కొత్త ఫోను ఒకటి కొంది. పాత నంబరు మారిస్తే సంబంధాలు తప్పిపోతాయని దాన్ని నాలోనే ఉంచి, కొత్తదానికి కొత్త నంబరు తీసుకుంది. ఫోన్ల కొట్టువాడు పేర్లూ నంబర్లూ అందులోకి ఎక్కించాడు గానీ, ఫోటోలు మాత్రం కదల్లేదు. మా ఇద్దరినీ వైరుతో కలిపితే అది నన్ను గుర్తించలేకపోతున్నానంది. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదన్నాను. మా కంపెనీవాళ్ళు కావాలనే అలా చేశారట, వాడినవాడు పక్కింటికి వెళ్ళిపోకుండా. ఎన్నో వందల జాతకాలు కలిపిన ఆవిడ, మా రెండింటి జాతకాలూ కలపలేక తల పట్టుకుంది. "మొండి పీనుగ" అని నన్ను తిట్టింది కూడా.

కొట్టువాడు ఉపాయం చెప్పాడు. పాత ఫోనులో ఫోటో తెరిచి, కొత్త ఫోనుతో దాన్ని ఫోటో తీసుకోమన్నాడు. ఇంత చిన్న ఉపాయం ముందు నా మొండితనమంతా చిత్తు.

గురువారం పొద్దున, పూజ అయ్యాక, ఆవిడ నన్ను కాఫీ గ్లాసుకు ఆనించి నిలబెట్టింది. మొట్టమొదట సత్యవేణి ఫోటోనే తెరిచింది. కొత్త ఫోను ఎత్తి, ఒక కన్ను మూసి, గురి చూసింది. నా గుండె ఝల్లుమంది, అంటే బ్యాటరీ వేడెక్కింది. సరిగ్గా అప్పుడే కొత్త ఫోను టింగుమంది.

కొమరగిరి వారింటి నుంచి శుభలేఖ.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కొమరగిరి వారి అబ్బాయికి ఆవిడ తొమ్మిది సంబంధాలు చూపించింది. తొమ్మిదింటికీ వాళ్ళమ్మ మూతి విరిచింది. అలాంటి ఇంటి నుంచి శుభలేఖ వస్తే అది ఎవరు కుదిర్చారు? ఎప్పుడు? సంబంధాలు చూసే మనిషి ఆ క్షణంలో ఆగగలదా? చెయ్యి మంటల్లో ఉన్నా తెరుస్తుంది. ఆవిడా తెరిచింది.

తెరవగానే అది ప్రశ్నలు మొదలుపెట్టింది. ఇది పెట్టుకోవచ్చా? మీ సందేశాలు చదవొచ్చా? మీ ఫోటోలు చూడొచ్చా? మీ నంబర్లన్నీ తీసుకోవచ్చా? నేను గ్లాసుకు ఆనుకుని నిలబడి చూస్తున్నాను, నోరు పెగలదు. శుభకార్యం దగ్గర కాదు, లేదు, వద్దు అనకూడదని ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ చెప్పిన మనిషి ఆవిడ. అన్నింటికీ సరే నొక్కింది.

తీరా చూస్తే ముహూర్తం లేదు, పెళ్ళికూతురి పేరు లేదు, వినాయకుడి బొమ్మ కూడా లేదు. ఒట్టి తెల్ల తెర. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుండగానే, అదే శుభలేఖ ఆవిడ పేరు మీద ఆవిడకు తెలిసిన ప్రతి ఇంటికీ బయలుదేరిపోయింది. మళ్ళీ ఒక చూపు చూసేలోపు నేను మోగాను. సత్యవేణి.

"పిన్నిగారూ, మీ దగ్గర్నుంచి శుభలేఖొచ్చిందండి. అది దొంగ ఫైలండి. మా స్కూల్లో ఒకరు తెరిస్తే ఫోనంతా వాళ్ళ చేతికెళ్ళిపోయింది. ముందు ఆ కొత్తది ఆపెయ్యండి." ఆ వెంటనే అడిగింది. "నా ఫోటో అందులో ఉందాండి?"

వరహాలమ్మ గారు నన్ను చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. ఇంకొక్క నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆవిడకు అప్పుడు తట్టింది.

"లేదమ్మా. పాతదాన్లోనే ఉంది. నీ మీద ఒట్టు."

కొత్త ఫోను ఆపడం ఎలాగో సత్యవేణి చెబుతుంటే, రెండు బొత్తాలూ కలిపి నొక్కి దాన్ని ఆర్పింది. ఎందుకైనా మంచిదని బియ్యం డబ్బాలో పూడ్చేసింది. ఫోనుకు ఏ జబ్బు చేసినా బియ్యమే మందని ఎక్కడో విన్నదట. ఆ రాజవంశీకుడు సోనా మసూరిలో పీకల్దాకా మునిగి ఉండటం చూస్తే నాకు వచ్చిన నవ్వు అంతా ఇంతా కాదు.

ఇక నా వైభవం చూడండి. చార్జరు తగిలించి, చాప వేసుకుని కూర్చుని, ఆవిడ నా నుంచి ఒక్కొక్కరికీ ఫోను చేసింది. "నేనండి, వరహాల్ని. శుభలేఖొస్తే తెరవకండి." ముప్ఫై ఏళ్ళలో ఆ నోటి వెంట ఎవరూ వినని మాట అది. మధ్యాహ్నానికి ఊరంతా కొమరగిరి వారి సంబంధం చెడిపోయిందని అనుకుంది. పాపమని ఇద్దరు ముగ్గురు వాళ్ళింటికి పరామర్శకు కూడా వెళ్ళారు. కొమరగిరి అబ్బాయి తల్లి నాకే ఫోను చేసింది.

"ఏవండీ, మా ఫోన్లోంచే వెళ్ళిందంట కదండీ. ఇంతకీ పెళ్ళికూతురు ఎవరండీ, ఏం చదివింది?"

"పెళ్ళికూతురు లేదండి. దొంగలండి."

"అయ్యో," అంది ఆ తల్లి, నిజంగానే బాధపడి.

సాయంత్రానికి వరహాలమ్మ గారి గొంతు పోయింది. నా ఒళ్ళు పెనంలా కాలింది. చాలామంది తెరవకముందే ఆగారు, తెరిచినవాళ్ళు ఫోన్ల కొట్టుకు పరుగెత్తారు. కొత్త ఫోనుని కొట్టువాడు మొత్తం తుడిచి మళ్ళీ మొదటికి తెచ్చాడు. అందులో అప్పటికున్నవి రెండు దేవుడి పటాలూ, ఒక గుమ్మడికాయ ఫోటో మాత్రమే. పోతే పోయాయి.

ఆ తర్వాత నన్ను మొండి పీనుగ అనడం మానేసి "మా బంగారం" అంది. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త సిగ్గేసింది. ఆ దొంగ శుభలేఖ నాలో తెరుచుకోదు గానీ, నా తాళం గొప్పదేమీ కాదు. ఏళ్ళ తరబడి నాకు మరమ్మతులే లేవు, గట్టివాడెవడైనా వస్తే తలపిన్నుతో తెరిచేస్తాడు. మా వీధిలో ఇళ్ళన్నీ ఖాళీ అని దొంగలు ఇటు రావడం మానేశారు, అంతే. ఆ సంగతి సత్యవేణికి తెలుసు. అందుకే ఇంకో నియమం ఆమే పెట్టించింది. సంబంధం కుదిరిన అమ్మాయి వచ్చి, తన ఫోటో తన వేలితోనే తీసేయాలి. కొత్తగా వచ్చేవాళ్ళవి కాగితం ఫోటోలే. అప్పట్నుంచి నాలో ఒక్కో చోటు ఖాళీ అవుతూ వచ్చింది. ప్రతి ఖాళీ ఒక పెళ్ళి.

సత్యవేణిది చివరిది. ఏలేశ్వరంలో పశువుల డాక్టరుకు నన్ను చూపించినప్పుడు, ఆయన ఫోటోని సాగదీయలేదు. కాసేపు చూసి, "ఆవిడకి నా ఫోటో చూపించేరాండీ?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మగవాడు. వరహాలమ్మ గారు అక్కడే లేచి నిలబడి, తలుపు దాకా వెళ్ళి, కళ్ళు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

పోయిన నెల సత్యవేణి కాగితం శుభలేఖ పట్టుకుని వచ్చింది. నేను బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచి, వైరు తీస్తే ఆరిపోయే స్థితిలో ఉన్నాను. ఆమె తన ఫోటో తెరిచి ఒకసారి చూసుకుంది. స్కూలు వరండాలో తీసింది, చీర కుచ్చిళ్ళ మీద సుద్దపొడి. తీసేయమంటారా అని నేను అలవాటుగా అడిగాను. అవునంది. శుభలేఖలకు రాయడానికి కలిపిన పసుపు వేలికి ఇంకా ఉంది. ఆమె నవ్వుతూ, నా నాలుగు మూలలకూ ఆ పసుపు రాసింది.

"ఇదేంటే పిల్లా?" అంది వరహాలమ్మ గారు.

"మొదటి శుభలేఖ దీనికేనండి," అంది సత్యవేణి, కార్డు విప్పి నా ముందు నిలబెట్టి.

నేను తెరవగలిగిన శుభలేఖ అదొక్కటే.

ఇప్పుడు పాత ఫోన్లు కొనేవాడి బుట్టలో ఉన్నాను. నా మీద ఒక పెద్ద వంశంవాడు, కింద ఇంకో పెద్ద వంశంవాడు. ఎత్తు ప్రహరీల సంగతి, తలుపుల సంగతి ఇక్కడెవరూ ఎత్తడం లేదు. నన్ను తీసుకునేటప్పుడు ఆ కొనేవాడు బట్ట తీసి మూలలు తుడవబోయాడు. వరహాలమ్మ గారు వాడి చెయ్యి పట్టుకుంది.

"తుడవకు నాయనా. అది పెళ్ళి పసుపు."

వాడికేమీ అర్థం కాలేదు. కానీ తుడవలేదు.