పైకప్పు: రేకులు

అడగని మాట చెప్పకపోతే అది అబద్ధం కిందికి వస్తుందా, రాదా అన్న సందేహం దుకాణదారు సింహాచలాన్ని తొమ్మిదేళ్ళుగా పట్టుకుని ఉంది. చందనోత్సవానికి వెళ్ళిన ప్రతి ఏడూ అప్పన్న ముందు నిలబడి మనసులో ఇదే అడిగేవాడు. స్వామి నిజరూపం కనిపించేది రెండు క్షణాలు. ఆ రెండు క్షణాల్లో వెనకవాళ్ళ తోపులాట తప్ప జవాబేదీ వినిపించేది కాదు. ఒకసారి తీర్థం ఇచ్చే ముసలి అర్చకుణ్ణి పక్కకు పిలిచి అడిగాడు.

"ఎవరికి చెప్పలేదు?" అన్నాడాయన.

"ఒక స్నేహితుడికండి."

"చెప్పకపోవడం వల్ల అతనికి నష్టం జరిగిందా?"

సింహాచలం తీర్థానికి చెయ్యి చాచాడు. ఆయన ఆ చెయ్యి చూసి, "తీర్థం పుచ్చుకో నాయనా" అని చేతిలో పోసి తర్వాతి వాడి వైపు తిరిగాడు.

ఆ స్నేహితుడు యర్రయ్య. పెదబయలు పైన, ఆరు కిలోమీటర్లు ఎక్కితే వచ్చే కొండవాలు ఊళ్ళో ఉంటాడు. రెండెకరాల కాఫీ, మెట్టున ఇంత రాగులు, ఇంత సామలు. సింహాచలం పెళ్ళయిన కొత్తలో చోడవరం నుంచి వచ్చి పెదబయలులో కిరాణా దుకాణం పెట్టాడు. పదో తరగతి పాసయ్యాడు కనుక చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అర్జీలు, ఫారాలు రాసిపెట్టేవాడు. దానికి డబ్బు తీసుకునేవాడు కాదు. చదువు దేవుడిచ్చింది, దాన్ని అమ్ముకోకూడదని ఆయన లెక్క.

తొంభై ఎనిమిది భాద్రపదంలో పాడేరు నుంచి ఇన్సూరెన్సు మనిషి సురేష్ వచ్చి దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. ఇంటికీ, ఇంట్లో సామానుకూ కలిపి ఒకే పాలసీ. తుఫాను వచ్చినా, నిప్పంటుకున్నా డబ్బు వస్తుందన్నాడు. సంతకు వచ్చిన యర్రయ్య ఉప్పు కట్టించుకుంటూ అంతా విన్నాడు.

"ఏడాదికి ఎంత బాబు?"

"గడ్డి ఇల్లయితే రెండు వందల నలభై. రేకుల ఇల్లయితే ఎనభై ఆరు" అన్నాడు సురేష్.

"ఇదేటి బాబు? లేనోడికాడ ఎక్కువా, ఉన్నోడికాడ తక్కువా?"

"గడ్డి బేగి ఎగిరిపోద్ది మామా. ఎగిరిపోయేదానికి ఎక్కువ కట్టాల."

యర్రయ్య నవ్వి, తనకు రేకులు ఉన్నాయన్నాడు. నిజమే, ఉన్నాయి. ఆ వేసవిలో కాఫీ డబ్బుతో పద్నాలుగు రేకులు కొని, జీపు ఆగే చోటి నుంచి ఊరిదాకా భుజాల మీద మోయించుకున్నాడు. అవి ఇంటి వెనక గోడకు ఆనించి, అడ్డతీగ నారతో కట్టి ఉన్నాయి. పైకి ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో సింహాచలానికి తెలుసు. ఆషాఢంలో యర్రయ్య తల్లి పోయింది. పోయిన పెద్దల దినం చేసి, చుట్టాలకు మేకను కోసి అన్నం పెట్టేదాకా ఆ ఇంటివాళ్ళు కప్పు విప్పరు. అంతవరకూ పోయినవాళ్ళు నడికొప్పు కింద, కప్పు నడిమి దూలం దగ్గర, ఇంట్లోనే ఉంటారని వాళ్ళ నమ్మకం. మేక కొనాలంటే కాఫీ పళ్ళు కొయ్యాలి.

సురేష్ ఫారం తీసి, రాయమని సింహాచలానికి ఇచ్చి, సామాను జాబితా చెప్పమన్నాడు. యర్రయ్య వేళ్ళు మడుస్తూ చెప్పాడు. రెండు ఇత్తడి బిందెలు, గునపం, మూడు గొడ్డళ్ళు, రాగుల గాదె, తిరగలి, రేడియో.

"ఇంకేటి ఉన్నాయి ఇంట్లో?" అన్నాడు సురేష్.

యర్రయ్య ఆలోచించాడు. "మాయమ్మ ఉన్నాది. రాయవా?"

"ఆవిడ పోయింది కదా?" అన్నాడు సింహాచలం.

"పోనాది గానీ ఇంట్లోనే ఉన్నాది. ఇంట్లో ఉన్నవన్నీ సెప్పమన్నాడు కదా మరి."

సురేష్ పడీ పడీ నవ్వాడు. "సచ్చిపోయినోళ్ళకి మాకాడ పాలసీ లేదు మామా. బతికున్నోళ్ళకే దిక్కు లేదు." యర్రయ్య కూడా నవ్వాడు. సింహాచలం మాత్రం ఫారం మీద వంచిన తల ఎత్తలేదు. 'పైకప్పు' అన్న చోట కలం ఆగింది. కార్తీకం దాటితే దినం అయిపోతుంది, రేకులు ఎక్కుతాయి. రెండు నెలలో మూడు నెలలో తేడా. దానికోసం నూట యాభై నాలుగు రూపాయలు ఎక్కువ కట్టించడం పాపం కాదా అనుకున్నాడు. 'రేకులు' అని రాశాడు. యర్రయ్య వేలిముద్ర వేశాడు. ఆ రోజు అతని దగ్గర డబ్బు లేకపోతే, ఎనభై ఆరు రూపాయలూ సింహాచలమే గల్లాలోంచి తీసి కట్టాడు.

కార్తీకం దాటలేదు. ఆ నెల చివర్లో తుఫాను విశాఖ తీరం దాటి కొండల్లోకి వచ్చింది. రెండు రోజులు వాన, గాలి. కాఫీ తోటల్లో సిల్వర్‌ఓక్ చెట్లు నడిమికి విరిగి పడ్డాయి. ఘాట్ రోడ్డు మూసుకుపోయింది. మూడో రోజు సింహాచలం బురదలో నడుచుకుంటూ కొండెక్కి వెళ్ళేసరికి యర్రయ్య ఇంటికి నాలుగు మట్టిగోడలు మిగిలాయి. పైన గడ్డి లేదు. గోడకు ఆనించిన రేకులు కూడా లేవు, లోయలోకి ఎగిరిపోయాయి. భార్యనూ పిల్లనూ పక్కింట్లో ఉంచి, యర్రయ్య ఇంటి నడుమ నిలబడి పైకి చూస్తున్నాడు. గాదెలో రాగులు నాని ఉబ్బిపోయాయి.

"మనుషులు దక్కారు. సామాను మళ్ళీ వస్తుంది యర్రయ్యా" అన్నాడు సింహాచలం.

"సామానుకేటి బాబు. మాయమ్మ ఎటు పోనాదో." యర్రయ్య చూపు పైనుంచి దిగలేదు. "తిండి పెట్టి పంపనేదు. వానలో పోనాది."

ఇన్సూరెన్సు ఆఫీసు డబ్బు వస్తే ముందు దినం చేస్తాననీ, ఆలస్యమైనా పిలిస్తే వచ్చి తింటుందనీ ఆశపడ్డాడు. నెల రోజులకు ఆఫీసు మనిషి వచ్చి, గోడలు చూసి, గోడల పక్కన పడి కుళ్ళిన గడ్డి చూసి, ఏదో రాసుకుని వెళ్ళాడు. ఉత్తరం దుకాణానికే వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నా సింహాచలానికి అర్థమైంది. ఫారంలో రేకులని ఉంది, ఇల్లు గడ్డిది, కాబట్టి పైసా రాదు. ఆఫీసు వాళ్ళను తప్పుపట్టడానికేమీ లేదు. కాగితం మీద ఉన్నదే వాళ్ళు చదివారు. రాసింది తను.

యర్రయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఏటన్నారు సావుకారు?"

"రాదట."

యర్రయ్యే తల ఊపాడు. "అవును మరి. నాను కట్టనేదు కదా. కట్టింది నువ్వు. ఎవులి డబ్బో ఎట్టి మొక్కు సెల్లిత్తే అమ్మోరు పుచ్చుకోదు. నా తప్పే."

అది కాదని చెప్పడానికి సింహాచలం నోరు తెరిచాడు. ఎవరో కిరసనాయిలు అడిగారు. లేచి పోసి వచ్చేసరికి యర్రయ్య వెళ్ళిపోయాడు. అడిగినవాణ్ణి కాసేపు ఆగమని ఉండవచ్చు. ఆగమనలేదు.

తర్వాత యర్రయ్య మూడుసార్లు ఆ ఎనభై ఆరు రూపాయలు తెచ్చాడు. మూడుసార్లూ సింహాచలం "ఉండనీ, ఉండనీ" అని వెనక్కి పంపాడు. భార్య రత్నాలు ఒకసారి చూసి ఊరుకోలేక అంది. "ఏటండీ ఇది? ఆడు తెచ్చి ఇత్తన్నాడు, మీరు తోసేత్తన్నారు. తీసుకుంటే మీ చెయ్యేటి కాల్తాదా?"

"పాపం, లేనివాడే."

"లేనోడికి బాకీ ఉంచడం పున్నెమా? మీ పున్నెం మీకే తెలవాల" అని ఆవిడ బియ్యం చేటతో లోపలికి వెళ్ళింది.

యర్రయ్య రెండేళ్ళకు అప్పోసప్పో చేసి దినం చేశాడు. లోయలో దొరికిన రేకులను సుత్తితో చదును చేసి కప్పు వేసుకున్నాడు. సంతకు వచ్చినప్పుడు పలకరించేవాడు గానీ, మునుపటిలా అరుగు మీద కూర్చునేవాడు కాదు. బాకీ ఉన్నవాడు అరుగు మీద ఎలా కూర్చుంటాడని ఒకరితో అన్నాడట. ఆ మాట సింహాచలం చెవిన పడింది. అయినా చెప్పలేదు.

రెండు వేల ఎనిమిది మాఘంలో యర్రయ్య కూతురు బేబి దుకాణానికి వచ్చింది. తుఫాను నాటికి గౌను తొడుక్కునే గుంట, ఇప్పుడు పెళ్ళయి బిడ్డ తల్లి. "మా అయ్యకి బాగోనేదు బాబు. దగ్గు. పాడేరు ఆసుపత్రోళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నిన్ను రమ్మన్నాడు" అంది. సింహాచలం దుకాణం రత్నాలుకు అప్పగించి చొక్కా వేసుకున్నాడు. దారిలో బేబి రెండుసార్లు ఆగి ఆయన కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. యాభై దాటిన కాళ్ళు.

యర్రయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. తలగడ కింద నుంచి గుడ్డమూట తీశాడు.

"ఈసారి వద్దనకు సావుకారు. దీనిమూలంగానే గదా ఆ డబ్బు రానేదు, మాయమ్మ తిండి లేకుండా పోనాది. రెండేళ్ళ తర్వాత పెట్టినా అందనేదు. నాను అక్కడికి పోతే ఏటని సెప్పుకోవాల? బాకీ అయినా తీర్చినానని సెప్పాల కదా."

సింహాచలానికి అప్పుడు తెలిసింది, ఈ తొమ్మిదేళ్ళూ యర్రయ్య ఏమి మోశాడో. డబ్బు బాకీ అనుకున్నాడు తను. అది కాదు.

"యర్రయ్యా, నీ డబ్బు వల్ల కాదు" అన్నాడు. "ఎవరు కట్టినా వాళ్ళకు ఒకటే. ఫారంలో నీ ఇల్లు రేకులదని నేను రాశాను. గడ్డి ఇల్లని తెలిసే రాశాను. నీకు డబ్బు కలిసొస్తుందని. అందుకే పాలసీ డబ్బు రాలేదు. ఉత్తరంలో అదే ఉంది. ఆ రోజే చెప్పాలి. చెప్పలేదు."

బేబి తండ్రి మొహం చూసింది. యర్రయ్య కళ్ళు మూసుకున్నాడు. దగ్గు వచ్చింది, ఆగింది.

"అయితే మాయమ్మ నా మూలంగా పోనేదు" అన్నాడు చివరికి.

"నీ మూలంగా కాదు."

"తొమ్మిదేళ్ళు సావుకారు." అంతకుమించి అనలేదు. అందులో కోపం ఉందేమోనని సింహాచలం వెతికాడు. ఉంటే బాగుండునని కూడా అనిపించింది. యర్రయ్య మొహంలో అలసట మాత్రమే ఉంది.

యర్రయ్య మూట ముందుకు జరిపాడు.

"వద్దు యర్రయ్యా. ఇప్పుడు తెలిసింది కదా, నీ తప్పు లేదని."

"నువ్వు రాసింది నీది. నాను తీసుకున్నది నాది. తీసుకో."

సింహాచలం మూట విప్పాడు. ఎనిమిది పదులు, ఒక అయిదు, ఒక రూపాయి బిళ్ళ. పదులు మెత్తబడిపోయాయి, ఎన్నేళ్ళుగా మడిచి దాచాడో. యర్రయ్య చూస్తున్నాడు కనుక ఒక్కొక్కటీ పైకి లెక్కపెట్టాడు.

"సరిపోనాదా?"

"సరిపోయింది" అని సింహాచలం ఆ డబ్బు కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.