రెండు పన్నీరు సీసాలు

ఫణిశ్రీ పెళ్ళి ఉదయం పదీ నలభైకి. పెళ్ళికూతురి అక్క మధులతకి రాజమండ్రిలో రైలు సాయంత్రం ఆరింటికి. ఈ రెండింటి మధ్య ఉన్నది ఏడు గంటల చిల్లరేనని వాళ్ళ మేనత్త సీతారామలక్ష్మి నాలుగు రోజుల ముందే లెక్క వేసుకుంది.

ఆవిడకి డెబ్భై రెండేళ్ళు. భర్త ఒకరోజు పొద్దున్నే పాలకొల్లు వెళ్ళొస్తానని బస్సెక్కాడు. మధ్యాహ్నానికి కబురు మాత్రం వచ్చింది. అప్పటినుంచి కొవ్వూరులో తమ్ముడు భాస్కరం ఇంట్లోనే ఉంటోంది. ఎవరు గుమ్మం దాటినా చేతిలో పెరుగన్నం పొట్లం పెడుతుంది. చేరామని ఫోన్ వచ్చేదాకా మంచినీళ్ళు ముట్టదు. పోస్టాఫీసుకి వెళ్ళేవాళ్ళకి కూడా ఆ పొట్లం తప్పదు.

మధులత నాసిక్ దగ్గర ఒక వైన్ కంపెనీలో ద్రాక్షతోటా, వైన్ తయారీ చూస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి భాస్కరం కూతురితో మాట్లాడలేదు. నాలుగేళ్ళయింది. ఆయన ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాడు. చక్కెర పులిసి ఆల్కహాల్ ఎలా అవుతుందో ఆయన బోర్డు మీద రాసినంత అందంగా ఇంకెవరూ రాయలేరని పేరు. మధులత ఆ క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేది.

పెళ్ళికి ముందురోజు మధులత పెరటి గుమ్మంలోంచి వచ్చింది. రాగానే అత్తయ్యని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, బ్యాగులోంచి సీసా ఒకటి తీసింది.

"ఏంటే ఇది?"

"గెవుర్ట్స్‌ట్రామినర్."

"గొంతు బాగానే ఉందా నీకు?"

"ద్రాక్ష పేరు అత్తయ్యా. పండు తొక్క గులాబీ రంగు, వైన్ మాత్రం తెల్లది. చలిదేశం మొక్క, మన ఎండలకి ఆగదన్నారు. నాలుగేళ్ళు రెండు వరసలు పెంచాను. కోత మూడు రోజులు ఆలస్యమైతే పులుపంతా పోయి చప్పబడిపోతుంది. అందుకని ఆ వారమంతా తోటలోనే పడుకున్నాను."

"పాములుంటాయి కదే."

మధులత మూత తిప్పి సీసా ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది. గులాబీ. దాని వెనక ఆవిడకి పేరు తెలియని పండేదో.

"ఇది మొదటి పంట. నాన్నగారు తాగక్కర్లేదు. రేపు నా రైలు టైములోపు ఒక్కసారి వాసన చూడమను. చూడనంటే ఇంక నేను రాను." రైలు నంబరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

సీతారామలక్ష్మి సీసా లాక్కుని మూత బిగించింది. రేపు రామచంద్రపురం నుంచి వచ్చే వియ్యంకుడు శరత్‌చంద్ర తాగే నీళ్ళు కూడా ఇంటినుంచే తెచ్చుకునే మనిషి. ఆయన కంట్లో ఈ సీసా పడితే ఈ పెళ్ళి ఉండదు. బాగా ఆలోచించి ఆవిడ రెండు ఖాళీ పన్నీరు సీసాలు కడిగింది. వైన్ అందులోకి వంపి పప్పు డబ్బాల వెనక దాచింది. అసలు సీసాని పాతచీరలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. ఎవరైనా మూత తీసినా వచ్చేది గులాబీ వాసనే. తనకింత తెలివి ఉందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు.

మర్నాడు తొమ్మిదిన్నరకి వీధిలోకి వచ్చేసరికి పందిరంతా అదే వాసన. గుమ్మం దగ్గర పనిమనిషి సత్యకుమారి వెండి పన్నీరు బుడ్డితో వచ్చినవాళ్ళందరి మీదా చల్లుతోంది.

"ఆ పన్నీరు ఎక్కడిదే?"

"కొట్టునించి తెచ్చింది నీళ్ళలా ఉందండి అమ్మగారూ. మీరు పప్పు డబ్బాల వెనక దాచింది తెచ్చానండి. అసలు సరుకు అలా దాచేసుకుంటారేంటండీ?"

"ఎంత మిగిలింది?"

"ఒక సీసా అయిపోయిందండి. రెండోది సగం."

పక్కనే పట్టుపంచెలో నిలబడ్డ భాస్కరం తన అరచెయ్యి వాసన చూసుకుంటున్నాడు. "ఎక్కడ కొన్నావు అక్కయ్యా? ముప్ఫై ఏళ్ళు లాబ్‌లో సీసాలు వాసన చూసిన ముక్కు నాది. ఇందులో ఎసెన్సు లేదు. ఎవరో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసింది ఇది."

అప్పుడే దిగిన వియ్యంకుడు కండువా ముక్కుకి ఆనించుకుని, "ఇంకోసారి చల్లమ్మా," అన్నాడు. సత్యకుమారి చల్లింది. "బావగారూ, మిగిలితే కాస్త ఇప్పించండి. మా ఇంట్లో రోజూ అభిషేకం ఉంటుంది."

"తప్పకుండానండి," అన్నాడు భాస్కరం.

సీతారామలక్ష్మి వెనక్కి తిరిగేసరికి నడవలో మధులత.

"అత్తయ్యా, నా వైన్ ఏది?"

"అందరి మీదా ఉందే."

మధులత పందిట్లోకి చూసింది. చాలాసేపు చూసింది. "నాన్నగారి మీద కూడానా?"

"మొదట ఆయన మీదే."

"ఏమన్నారు?"

ఆవిడ చెప్పింది. మధులత మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పింది.

"ఎవరు చేశారో తెలియకుండా చూస్తే అది చూసినట్టు కాదు. ఆయనకి చెప్పు అత్తయ్యా."

చెబితే పెళ్ళి ఏమవుతుందో. చెప్పకపోతే పిల్ల వెళ్ళిపోతుంది. తలంబ్రాలయ్యేదాకా సీతారామలక్ష్మి నోరు విప్పలేదు. భోజనాలయ్యేదాకా విప్పలేదు. నాలుగింటికి వియ్యంకుడు అభిషేకం సంగతి మళ్ళీ గుర్తుచేశాడు. ఇక లాభం లేదని తమ్ముణ్ణి సామాన్ల గదిలోకి లాక్కెళ్ళింది.

"ఆయనకి ఆ సీసా ఇవ్వకురా. అది పన్నీరు కాదు. మధు చేసిన వైను. సీసాల్లో పోసింది నేనే. తన రైలు టైములోపు నువ్వు ఒక్కసారి వాసన చూస్తే చాలంది. చూడకపోతే ఇంక రాదట."

భాస్కరం కండువా అంచు ముక్కు దగ్గరకి తీసుకున్నాడు.

"పన్నెండు, పదమూడు శాతం ఉంటుంది."

"నాకేం తెలుసురా."

"ఊరందరి మీదా చల్లాం."

"వియ్యంకుడి మీద రెండుసార్లు."

ఆయన పప్పు డబ్బాల వైపు చూస్తూ, "రుచి చూడకుండా ఎలా చేస్తుంది ఇది?" అన్నాడు.

"నోట్లో పోసుకుని ఉమ్మేస్తారట. నిన్న అడిగాను. దానికో బకెట్టు ఉంటుందట."

"ఉమ్మేస్తుందా?"

"అదే చెప్పింది. కోత మూడు రోజులు ఆలస్యమైతే పులుపు పోతుందని తోటలో పడుకుందట. పాములున్నచోట."

భాస్కరం బయటికి వెళ్ళి, వియ్యంకుడికి కొట్టు పన్నీరు కట్టిమ్మని సత్యకుమారికి చెప్పాడు. మంచిది అయిపోయిందని చెప్పమన్నాడు.

అయిదింటికి పల్లంరాజు ఆటో వచ్చింది. మధులత బ్యాగు భుజాన వేసుకుంది. పెరుగన్నం పొట్లంతో సీతారామలక్ష్మి వెనకే నడిచింది. చెప్పాల్సింది చెప్పింది, అయినా తమ్ముడు వచ్చి పలకరించలేదు. ఈ పిల్లని చూడడం ఇదే ఆఖరేమోనని చెప్పుల దగ్గర్నుంచి జడ దాకా చూసుకుంది.

గుమ్మం దగ్గర భాస్కరం నిలబడి ఉన్నాడు. చేతిలో వెండి బుడ్డి.

"ఆగు," అన్నాడు.

మధులత ఆగింది. ఆయన మాత్రం అక్కగారితోనే మాట్లాడాడు. "నిన్న ఇది పెరటి గుమ్మంలోంచి వచ్చింది. దీనికెవరూ చల్లలేదు." బుడ్డి వంచి విదిలించాడు. రెండు చుక్కలు పడ్డాయి. గట్టిగా విదిలిస్తే ఇంకో రెండు పడ్డాయి.

"అది వచ్చేవాళ్ళకి చల్లేది నాన్నగారూ. వెళ్ళేవాళ్ళకి కాదు."

"తెలుసు." బుడ్డికి మూత పెట్టాడు. "ఆ ఎండకి పోయే పులుపు ఏ యాసిడ్?"

"మాలిక్."

"అనుకున్నాను. లోపలికి రా. నా పాత బోర్డు అటక మీద ఉంది, దింపాలి."

పల్లంరాజు గొంతు సవరించుకున్నాడు. "రైలు టైమైపోతుందండీ."

మధులత బ్యాగు అరుగు మీద పెట్టి లోపలికి నడిచింది. సీతారామలక్ష్మి చేతిలోని పొట్లం చూసుకుని, దాన్ని తీసుకెళ్ళి పల్లంరాజు చేతిలో పెట్టింది.

"ఇంటికి చేరాక ఒక్కసారి ఫోన్ చెయ్యి నాయనా," అంది.