పొడి బేసిన్

బడి వదలగానే టీచరమ్మ ఇన్సాఫ్ రంగుల పెట్టె చంకన పెట్టుకుని ఉస్తాద్ వగ్దీ దగ్గరికి పరిగెత్తేది. అలెగ్జాండ్రియాలో సముద్రం బొమ్మ నేర్పేవాళ్లు బోలెడుమంది. వగ్దీ గదిలో మాత్రం నేల ఎప్పుడూ తడే. బొమ్మలో సరిగ్గా కుదిరిన సముద్రం నిజంగానే కారుతుంది కదా, అందుకని ప్రతి బొమ్మ కిందా ఓ బేసిన్ పెట్టేవారు. అందరి బేసిన్లూ నిండేవి, ఇన్సాఫ్‌ది తప్ప.

వగ్దీ దాని అడుగు వేలితో తడిమి చూసేవాడు. "అలలు బాగున్నాయి, నురగా బాగుంది. కానీ పొడేనమ్మా."

ఆమెకు ఒళ్లు మండిపోయేది. సరదాకి నేర్చుకుంటే సరేలే అనుకోవచ్చు. ఆమెకు అస్యూత్‌కు బదిలీ అయింది. అక్కడ నైలు ఉంది గానీ సముద్రం లేదు. ఉద్యోగమంతా ఒడ్డు వెంట ట్రాము కండక్టరుగా తిరిగిన తండ్రి షుక్రీ, ఆ కబురు వినగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"సముద్రం లేని ఊళ్లో నేను బతకను. నువ్వెళ్లు తల్లీ," అన్నాడు.

ఒంటరిగా వదిలేస్తే అసలే బతకడు. అందుకే ఆ సముద్రాన్నే వెంట తీసుకుపోదామని ఆమె తాపత్రయం.

ఓ రోజు విసుగెత్తి బొమ్మను ఆయన మంచం మీద పడేసింది. "చూడు నాన్నా! దీనికేం తక్కువ?"

షుక్రీ కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది ఏ గాలివాన?"

"గాలివానేంటి? సముద్రం!"

"నువ్వీ ఊరి పిల్లవేనా? చలికాలంలో వచ్చే ప్రతి గాలివానకీ మనకో పేరుందిగా. ఇది ఖాసిమా, చీపురా? ఏ రోజుదో తెలియని సముద్రం టీకొట్టు క్యాలెండర్లో ఉంటుంది."

ఇన్సాఫ్ పళ్లు కొరుక్కుంటూ ఆ నీలమంతా గీకి పారేసింది. చిన్నప్పుడు చీపురు గాలివాన ఊరిని ఊడ్చేసిన ఓ రోజు గుర్తొచ్చింది. ట్రాములు ఆగిపోతే, నాన్న తనను భుజాన వేసుకుని ఇంటిదాకా నడిచాడు. అప్పటి బురద నీళ్లనీ మురికి నురగనీ కోపంకొద్దీ వేసింది. సగం కాకముందే చెప్పులు తడిశాయి. ఏడ్చేసింది.

బొమ్మ వెంట షుక్రీ కూడా అస్యూత్ వచ్చాడు. వారం తిరక్కుండానే కింద వాటా ఆవిడ కేకలేస్తూ మెట్లెక్కి వచ్చింది.

"ఏమ్మా, మా పైకప్పంతా కారుతోంది! పైగా ఉప్పునీళ్లు!"

ఇన్సాఫ్ నోరు తెరిచేలోపే, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి నేల తుడుస్తున్న షుక్రీ తలెత్తాడు.

"చీపురు కదమ్మా, అలాగే ఉంటుంది. ఇంత గాలివానలో ట్రాములు నడవవు. ఇప్పట్లో నేనెక్కడికీ పోయేది లేదు. ఆ ఖాళీ బేసిన్ ఇటందివ్వు తల్లీ."